నాణెముపై కొలువైన స్వామి
కంపెనీవారి బంగారు వరహాల చరిత్ర

 

జీర్ణోద్ధరణ మహాకార్యం జరిగే ప్రతి ఆలయంలోనూ బంగారానికి ఒక ప్రత్యేక స్థానం ఉంటుంది. కలశాలకు పూతగా, స్వామివారికి కిరీటంగా, అమ్మవారికి కాసులపేరుగా, గర్భన్యాసంలో నవరత్నాలతోపాటు నిక్షేపించే చిన్న తునకగా, అది భక్తుల ఇండ్లనుండి ఆలయానికి చేరుతూనే ఉంటుంది. అలా చేరే బంగారంలో కొన్ని సందర్భాలలో పాత నాణేలు కూడా ఉంటాయి. తాతముత్తాతల కాలంనుండి దేవుని పెట్టెలో, పసుపుగుడ్డ ముడుపులో భద్రంగా ఉండిపోయిన చింతగింజంత బంగారు బిళ్ళలు అవి. వాటిని మన పెద్దలు వరహాలు అన్నారు.

ఆ వరహాలలో కొన్నింటిని ముద్రించినవారు మన రాజులు కారు. సముద్రాలు దాటి వ్యాపారానికి వచ్చిన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు. అయినా ఆ నాణెంపై ఇంగ్లండు రాజు బొమ్మ లేదు, కంపెనీ పేరు లేదు. ఉన్నది మన వేంకటేశ్వరస్వామి రూపం. పరదేశ వర్తకులు తమ బంగారంపై మన దేవుని ఎందుకు నిలుపుకోవలసి వచ్చింది? అలా ముద్రించిన నాణేలు నేడు ఎందుకంత అరుదైపోయాయి? ఈ రెండు ప్రశ్నలను మీతో కలిసి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వరహా పుట్టుక

వరాహం విష్ణుమూర్తి అవతారం. చాళుక్య రాజుల లాంఛనం కూడా అదే. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యులలో శక్తివర్మ, రాజరాజనరేంద్రుడు వరాహముద్రతో వెడల్పైన పలుచని బంగారు నాణేలను ముద్రింపజేశారు. రాజరాజు పరిపాలన 1019లో ఆరంభమైనది. ఈ నాణేలు మన గోదావరీ తీరంలోనే కాక బంగాళాఖాతానికి ఆవల అరకాను తీరంలోని చెదుబా దీవిలోనూ, సయాం దేశంలోనూ లభించాయి. అంటే తెలుగునాటి బంగారు నాణెం వెయ్యేండ్ల క్రిందటే ఓడలెక్కి పరదేశాలకు ప్రయాణించినదన్నమాట. బంగారు నాణేనికి వరహా అనే పేరు ఈ వరాహ లాంఛనంవల్లనే స్థిరపడినది. కన్నడిగులు దానిని హొన్ను అన్నారు. పారశీక భాషలో వ్రాసిన దస్తావేజులలో అది హూన్ అయింది. పోర్చుగీసువారి నోట పగోడె, ఇంగ్లీషువారి నోట పగోడా అయింది. ఆలయానికీ, ఆలయదైవం ఉన్న నాణేనికీ వారు ఒకే పేరు పెట్టడం గమనింపదగినది.

విజయనగర చక్రవర్తుల కాలంలో వరహాకు ఒక నిలకడ ఏర్పడినది. బరువు సుమారు 3.4 గ్రాములు. అందులో సగం ప్రతాప, పదవవంతు పణం. చక్రవర్తి మారినప్పుడు ముద్ర మారేదిగాని, దైవస్వరూపం ఉండడం అనే సంప్రదాయం మాత్రం మారలేదు. రెండవ హరిహరరాయలు ఉమామహేశ్వరులను, లక్ష్మీనారాయణులను నిలిపాడు. శ్రీకృష్ణదేవరాయలు బాలకృష్ణుని నిలిపాడు. అళియ రామరాయల అనంతరం వచ్చిన తిరుమలరాయలు సీతారామలక్ష్మణులను ముద్రింపజేశాడు. చంద్రగిరినుండి ఏలిన రెండవ వేంకటపతిరాయలు (1586–1614) మకరతోరణం క్రింద నిలిచిన శ్రీ వేంకటేశ్వరుని ఒకవైపునా, ఆ స్వామికి నమస్కరించే నాగరిలిపి వాక్యాన్ని రెండవవైపునా ముద్రింపజేశాడు.

ఈ నాణేలు ఆలయాలకు ఏ ప్రమాణంలో చేరేవో ఒక్క ఉదాహరణ చాలు. ఉదయగిరి విజయానంతరం 1514లో శ్రీకృష్ణదేవరాయలు తిరుమలేశునికి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేసినట్లు తిరుమల శాసనం తెలుపుతున్నది. ఒక్కొక్కటి 3.4 గ్రాముల చొప్పున లెక్కిస్తే అది 100 కిలోలకు పైబడిన బంగారం. భద్రాచల రామదాసు తన కీర్తనలో రాములవారికి ఏ నగకు ఎంత వ్యయమైనదో లెక్క అప్పజెప్పినది కూడా వరహాలలోనే. కర్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులు తిరగవేసినవారికి గ్రామాల శిస్తులు, మాన్యాలు, దేవాలయాల వర్షాశనాలు వరహాల లెక్కలో కనిపించడం తెలిసిన విషయమే. తెలుగువారికి వరహా అంటే విలువకు కొలమానం, దానానికి ప్రమాణం, దైవానికి ప్రతిరూపం.

వర్తకులు వచ్చిన వేళ

ఇంగ్లీషువారి ఓడ తొలిసారి మచిలీపట్నం రేవుకు చేరినది 1611లో. అంతకు కొద్ది సంవత్సరాల ముందే డచ్చివారు అక్కడ స్థిరపడ్డారు. వీరందరికీ కావలసినది మన నేతగాండ్ర వస్త్రం, కలంకారీ అద్దకం. వారి దేశంలో తయారైన సరుకుకు ఇక్కడ గిరాకీ స్వల్పం. అందువల్ల వెండి, బంగారాలను ఓడలలో తెచ్చి ఇక్కడ నాణేలుగా మార్చుకొని, నేతగాండ్రకు, దళారులకు బయానాలు చెల్లించవలసి వచ్చేది. ఆ బయానా వరహాలలో ఉంటేనే మగ్గం కదిలేది.

1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషువారికి ఇచ్చిన ఫర్మానాకు చరిత్రలో బంగారు ఫర్మానా అని పేరు. ఏటా 500 వరహాలు చెల్లించి గోల్కొండ రేవులలో స్వేచ్ఛగా వర్తకం చేసుకోవచ్చునని అందలి సారాంశం. సుల్తాను మహమ్మదీయుడు, చెల్లించేవారు క్రైస్తవులు. లెక్క మాత్రం వరాహమూర్తి పేరుగల నాణెంలో సాగినది.

1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషువారికి చెన్నపట్నపు భూమిని ఇచ్చాడు. ఆ పట్టణానికి చెన్నపట్నమనే పేరు ఆ నాయకుని తండ్రి చెన్నప్ప పేరిట వచ్చినది. ఆ తెలుగు నాయకుడిచ్చిన హక్కులలో నాణేలు ముద్రించుకొనే అధికారం కూడా ఒకటి. ఈ విధంగా కంపెనీవారి టంకశాల జార్జికోటలో వెలసినది.

అధికారమైతే లభించినదిగాని అసలు సమస్య అక్కడే మొదలైనది. కొత్త టంకశాలలో తయారైన నాణేన్ని పుచ్చుకొనేవారెవరు? నాడు ప్రతి సంతలోనూ షరాబు ఒరగల్లు పెట్టుకొని కూర్చునేవాడు. నాణేన్ని రాతిమీద గీసి, వన్నె తెలిసిన బంగారు పుల్లల గీతలతో సరిపోల్చి, తరుగు తేల్చి, వట్టం తగ్గించి విలువ కట్టేవాడు. తెలియని ముద్ర ఉన్న నాణేనికి వట్టం అధికంగా పడేది. పల్లెలోని నేతగాడైతే ఎరుగని బొమ్మ ఉన్న బంగారాన్ని తాకడానికే సంకోచించేవాడు. అతనికి చదువు రాకపోవచ్చుగాని స్వామి రూపం వచ్చు. అందుచేత కంపెనీవారు జనం ఎరిగిన ముద్రనే ఆశ్రయించారు. ఇది భక్తి కాదు, వ్యాపారం. అయితే ఆ వ్యాపారానికి ఈ నేలమీద జనుల నమ్మకమే మూలధనమని వారు గ్రహించారు.

ఇంగ్లీషువారు మాత్రమే కాదు. డచ్చివారు పులికాటులో, నాగపట్నంలో, ఫ్రెంచివారు పుదుచ్చేరిలో ఇదేవిధంగా దైవమూర్తులున్న వరహాలను ముద్రించారు. 1763లో బిదనూరును జయించిన హైదరాలీ సైతం అక్కడి నాయకుల వరహాపై ఉన్న పార్వతీపరమేశ్వరుల రూపాన్ని తొలగించలేదు. రెండవవైపు తన పేరులోని తొలి అక్షరాన్ని మాత్రం చేర్చుకున్నాడు.

మూడు స్వాముల వరహా, పూవరహా

చెన్నపట్నపు తొలినాటి వరహాలలో ప్రసిద్ధమైనది మూడు స్వాముల వరహా. నడుమ శ్రీ వేంకటేశ్వరుడు, ఇరువైపులా దేవేరులు. వెనుకవైపు చిన్న చిన్న చుక్కలతో నిండిన ఉబ్బెత్తు ముఖం. ఒకే స్వామి ఉన్న వరహా కూడా ఆ కాలంలోనే వెలువడినది. 17వ శతాబ్ది చివరినుండి 18వ శతాబ్ది నడిమి వరకు ఇవి చెలామణిలో ఉన్నాయి.

వీటి తయారీ అంతా చేతిపనియే. కరగించిన బంగారాన్ని తునకలుగా చేసి, ఒక్కొక్క తునకను త్రాసులో తూచి, హెచ్చుతగ్గులు సవరించి, రెండు అచ్చుల నడుమ ఉంచి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టేవారు. అచ్చు వెడల్పు ఎక్కువ, బిళ్ళ వెడల్పు తక్కువ. అందువల్ల ఒక నాణెంపై స్వామివారి కిరీటం పూర్తిగా పడితే, మరొకదానిపై పాదాలు పడేవి. ఏ రెండు వరహాలూ అచ్చంగా ఒకేలా ఉండకపోవడానికి ఇదే కారణం.

సుమారు 1740 ప్రాంతంలో వెనుకవైపు చుక్కల నడుమ ఐదు కోణాల నక్షత్రం చేరినది. ఇంగ్లీషువారు దానిని స్టార్ పగోడా అన్నారు. మనవారి కంటికి ఆ నక్షత్రం పువ్వులా తోచినందున పూవరహా అని పిలిచారు. పారశీకంలో కూడా అది ఫూలీ హూన్, అనగా పూల వరహాయే. దక్షిణదేశంలో కంపెనీ లెక్కలన్నీ దాదాపు డెబ్బది ఐదేండ్లు పూవరహాలలోనే సాగాయి. ఒక పూవరహాకు 42 పణాలు, ఒక పణానికి 80 కాసులు. కర్ణాటక యుద్ధాల ఖర్చులు, నవాబు అప్పులు, జమీందారుల పేష్కషు, సిపాయిల జీతాలు అన్నీ ఈ లెక్కలోనే జరిగాయి. హిందూదేశంలో కొద్దికాలంలోనే ధనవంతులై తిరిగివచ్చినవారిని గూర్చి ఇంగ్లండులో వరహాల చెట్టు దులిపి వచ్చారనే నానుడి పుట్టినదంటే ఈ చిన్న బిళ్ళ ఎంత సంపదను సముద్రం దాటించినదో మీరే ఊహించగలరు. మన స్వామి రూపమున్న నాణెం మన కష్టార్జితాన్ని మననుండి కొనిపోయే సాధనం కూడా అయినదన్న సత్యాన్ని చరిత్ర దాచదు.

గోపురం గల వరహాలు

19వ శతాబ్ది ఆరంభంలో చెన్నపట్నపు టంకశాలను యంత్రాలతో సంస్కరించారు. 1807–08 ప్రాంతంలో గుండ్రని అంచులతో కొత్త నాణేలు వెలువడ్డాయి. ఈ సంచిక చదివే మీకు ఇవి విశేషంగా ఆసక్తి కలిగిస్తాయి. ఎందుకంటే వీటి ముఖ్యముద్ర ఆలయ గోపురం. అంతస్తులంతస్తులుగా లేచిన ద్రావిడ గోపురం, దానికి ఇరువైపులా నక్షత్రాలు, చుట్టూ ఇంగ్లీషు, పారశీక అక్షరాలు. రెండవవైపు చుక్కల నడుమ స్వామివారి మూర్తి, చుట్టూ తెలుగు, తమిళ అక్షరాలలో నాణెం విలువ. కంపెనీవారి నాణెంపై తెలుగులిపి ఇంత గౌరవంగా కొలువుదీరిన సందర్భాలు అరుదు.

ఈ ముద్రతో వెండిలో అరవరహా, పావువరహా వచ్చాయి. వెండి అరవరహా బరువు సుమారు 21 గ్రాములు. ఇందుకు కావలసిన వెండి చాలావరకు స్పెయిను రాజ్యపు వెండి డాలర్లనుండి లభించేది. అమెరికా ఖండపు గనులలో పుట్టి, ఐరోపా చుట్టి, చెన్నపట్నం చేరిన ఆ డాలరు ఇక్కడ గోపురాన్ని ధరించినది. కొన్ని అరవరహాలలో కొత్త ముద్ర క్రింద పాత స్పెయిను ముద్ర ఛాయలు నేటికీ కనిపిస్తాయి.

ఇదే గోపురముద్రతో బంగారంలో ఒక వరహా, రెండు వరహాల నాణేలు వెలువడ్డాయి. 1808–1815 నడుమ ముద్రితమైనవిగా వీటిని నాణెశాస్త్రజ్ఞులు గుర్తించారు. ఇందులో ఒక సూక్ష్మాన్ని మీ దృష్టికి తేవాలి. పాత పూవరహా బరువు సుమారు 3.4 గ్రాములు. అందులో మేలిమి బంగారం నూటికి 80 పాళ్ళు. కొత్త గోపుర వరహా బరువు 3 గ్రాములకు కొద్దిగా తక్కువ. కాని దాని వన్నె 22 కారెట్లు. లెక్కకట్టి చూస్తే రెండింటిలోనూ ఉన్న మేలిమి బంగారం సుమారు 2.7 గ్రాములే. ముద్ర మారినది, బరువు మారినది, తయారీ పద్ధతి మారినది. మాట ఇచ్చిన బంగారం మాత్రం మారలేదు. నాణెంపై స్వామిని నిలిపినంత మాత్రాన చాలదు, లోపలి లోహం కూడా ఆ ముద్రకు తగినట్లు ఉంటేనే షరాబు ఒరగల్లు ఒప్పుకుంటుంది.

స్వామి నాణెంనుండి వీడ్కోలు

1818 జనవరినుండి మద్రాసు రాజధానిలో రూపాయి ప్రమాణనాణెమైనది. వరహాకు మూడున్నర రూపాయల చొప్పున, అంటే 100 వరహాలకు 350 రూపాయల చొప్పున లెక్కలన్నీ మార్చారు. 1835లో దేశమంతటికీ ఒకే నాణెవిధానం వచ్చి, నాలుగవ విలియం రాజు శిరస్సు నాణెంపైకి ఎక్కినది. అప్పటికి కంపెనీకి జనుల నమ్మకాన్ని అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు. సైన్యం ఉన్నది, శాసనం ఉన్నది. సుమారు రెండు శతాబ్దాలపాటు పరదేశ వర్తకుని బంగారానికి పూచీగా నిలిచిన స్వామి నాణెంనుండి తప్పుకొన్నాడు.

అయితే స్థానికుల నమ్మకాన్ని ముద్రలో నిలపాలన్న పాఠాన్ని ఇంగ్లీషువారు మరచిపోలేదు. 1895లో చైనా, మలయా వర్తకం కోసం బంబాయి టంకశాలలో ముద్రణ ఆరంభించిన వెండి వర్తకడాలరును చూడండి. ఒకవైపు త్రిశూలం ధరించిన బ్రిటానియా. రెండవవైపు నడుమ దీర్ఘాయువును సూచించే చైనా మంగళాక్షరం, చుట్టూ చైనా, మలయు లిపులలో విలువ. చైనా వర్తకునికి శుభమని తోచిన గుర్తునే అక్కడ నిలిపారు. ఆ వెండి డాలరు అచ్చులతోనే బంబాయిలో బంగారు ప్రతులు కూడా కొన్ని తయారైనాయి. అవి నేడు అత్యంత దుర్లభం. కాని అవి సంతకు వెళ్ళినవి కావు, ఏ నేతగాని చేతిలోనూ పడినవి కావు. సేకరణల కోసం పుట్టిన బంగారం అది. మన వరహా అటువంటిది కాదు. అది సంతలో తిరిగి, కొంగున ముడిపడి, హుండీలో పడి, పెండ్లికూతురి మెడనెక్కి బ్రతికిన నాణెం.

ఎందుకింత అరుదు?

అలా బ్రతికినందువల్లనే అది మిగలలేదు. వరహాలు చెలామణి కోల్పోయినప్పుడు ఖజానాకు చేరినవి కరగి రూపాయలు, మొహరీల లెక్కలో కలిసిపోయాయి. ఇండ్లలో మిగిలినవి కంసాలి మూసలోకి వెళ్ళి గాజులు, గొలుసులు అయ్యాయి. కొన్నింటికి కొక్కెం అతికి కాసులపేరులో గుచ్చారు. ఆలయాలకు ముడుపుగా వచ్చినవి కిరీటాలు, కవచాలు, కలశపు పూతలు అయ్యాయి. పూవరహాలు దీర్ఘకాలం ముద్రితమైనందున కొంత కనిపిస్తున్నాయి. మూడు స్వాముల వరహాలు తక్కువ. గోపురమున్న బంగారు వరహాలు మరీ తక్కువ. 1890లో మద్రాసు ప్రదర్శనశాల అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ కంపెనీ నాణేల చరిత్రను గ్రంథస్థం చేశాడు. చెన్నపట్నంలోని ఎగ్మూరు ప్రదర్శనశాలలోనూ, హైదరాబాదు రాష్ట్ర ప్రదర్శనశాలలోనూ ఉన్న నాణెసంపద ఇటువంటి పరిశోధకుల శ్రమఫలమే.

దాతలకు ఒక విన్నపం

నాణేన్ని కరగిస్తే బంగారం నష్టం కాదు, బరువు మిగిలే ఉంటుంది. పోయేది దానిపైనున్న సాక్ష్యం. ఏ టంకశాల, ఏ కాలం, ఏ ముద్ర, ఎవరి ఇంటినుండి ఏ మొక్కుబడికి వచ్చినది అన్న సమాచారం మూసలో ఆవిరైపోతుంది. తిరిగి రాదు. అందువల్ల ఈ శుభసమయంలో మీకు సవినయంగా కొన్ని మాటలు మనవి చేయాలి.

మీ ఇంట పాత బంగారు నాణెం ఉంటే స్వామికి సమర్పించడానికి ముందు నాణెశాస్త్రం తెలిసినవారికి చూపండి. చింతపండుతోగాని, కుంకుడురసంతోగాని, రసాయనాలతోగాని తోమకండి. కొత్తగా కొక్కెం అతికించకండి. రెండువైపులా ఛాయాచిత్రం తీయించి, సున్నితపు త్రాసులో బరువు వ్రాసుకొనండి. వరహాలకు ఇత్తడి నకళ్ళు కూడా ఉన్నాయి. మేలిమి బంగారం నీటికి 19 రెట్లు బరువైతే, ఇత్తడి సుమారు 8 రెట్లు మాత్రమే. నీటిలో తూచి చూస్తే నాణేనికి గీతైనా పడకుండా నిజం తెలుస్తుంది.

ఆలయ నిర్వాహకులు హుండీలో లభించిన పాత నాణేలను కరగించే బంగారంతో కలపక, వేరుగా నమోదు చేసి భద్రపరచడం శ్రేయస్కరం. జీర్ణోద్ధరణ పనులలో పునాదులు త్రవ్వేటప్పుడు నిక్షేపం ఏదైనా బయల్పడితే, 1878 నాటి నిక్షేప శాసనం ప్రకారం జిల్లా కలెక్టరుకు తెలియజేయవలసిన బాధ్యత ఉన్నది. నూరేండ్లు దాటిన నాణేలు 1972 నాటి శాసనం ప్రకారం పురావస్తువులు. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం. విదేశాలలో స్థిరపడిన మన దాతలు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

సమర్పణకు ఇది అడ్డు కాదు. వరహాను వరహాగానే స్వామికి సమర్పించవచ్చు. అది ఆలయ భాండాగారంలో దాత పేరుతో, వివరాలతో భద్రంగా ఉంటే, మరో కుంభాభిషేకం నాటికి వచ్చే తరంవారు దానిని చేతిలోకి తీసుకొని, దానిపైని స్వామిని దర్శించి, చుట్టూ ఉన్న తెలుగు అక్షరాలను చదువుకోగలరు. పరదేశ వర్తకుడు సైతం తలవంచి ఆశ్రయించిన నమ్మకం ఈ నేలమీద ఉండేదని వారికి ఆ చిన్న బిళ్ళయే చెబుతుంది. ఆ నమ్మకాన్ని కాపాడి అందించే భాగ్యం ఈనాడు మీ చేతులలో ఉన్నది. స్వామివారి అనుగ్రహం మీ అందరిపై, మీ వంశాలపై సదా వర్ధిల్లుగాక!